కంటికి తగిన పుస్తకం

కొన్ని నెలలుగా మా ఇంద్రేశంలో కలిసినవారు చాలామంది మమ్మల్ని ఒకటే అడుగుతున్నారు: "ఇ-రీడర్ అని ఒక పలక ఉన్నదట గదా, కండ్లకు మంచిదట, కొనవచ్చునా?" అడిగేవారిలో ఎక్కువమంది పటాన్‌చెరు, పాశమైలారం కంపెనీలలో పనిచేసే మన యువకులే. బోనసు చేతికి వచ్చిన నెలలో ఇంట్లో పెద్దవారికి ఏదైనా కొనిపెట్టాలన్న ఆశ వారిది. మంచి ఆశే. అయితే ఆ తొందరలో మేము చేసిన పొరపాటు ముందుగా చెప్పుకోవాలి.

మా అమ్మగారు స్త్రీల సమాజంలో ఏళ్ళ తరబడి వాక్యం చదివిన మనిషి. ఒక దశలో పుస్తకం పక్కవారి చేతికిచ్చి, "నువ్వు సదువు బిడ్డా, నాకు గొంతు పట్టింది" అనడం మొదలుపెట్టారు. ఇబ్బంది గొంతుకు కాదని గ్రహించడానికి మాకు చాలా నెలలు పట్టింది. గ్రహించిన తరువాతనైనా కంటి డాక్టరు దగ్గరకు వెళ్ళామా అంటే, లేదు. ఒక ఇ-రీడర్ తెప్పించాము. అక్షరం ఎంత పెద్దది చేసినా "మంచులోంచి చూసినట్టున్నది" అన్నారామె. చివరకు పరీక్ష చేయిస్తే రెండు కళ్ళలోను శుక్లాలు! కంటి లోపలి కటకమే మసకబారినప్పుడు బయట ఎంత ఖరీదైన పలక పెట్టి ఏమి లాభం?

కాబట్టి మొదటి ఖర్చు పలకకు కాదు, పరీక్షకు. నలభై దాటినవారికి చత్వారం సహజంగానే వస్తుంది. చదివే అద్దాలు పెట్టుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తీరిపోతుంది. మన పాత మెదక్ జిల్లాలోని మల్కాపూర్‌లోనే 2018 ఆగస్టు 15న కంటి వెలుగు కార్యక్రమం మొదలైంది. 2023 జనవరిలో రెండవ విడత మొదలైంది. అప్పుడు ఇచ్చిన అద్దాలనే ఇంకా తుడుచుకుని వాడుతున్నవారు మన సంఘాలలో కొందరున్నారు. నంబరు మారి ఉండవచ్చు, మళ్ళీ చూపించుకోండి. మెహిదీపట్నం సరోజినీ దేవి ప్రభుత్వ కంటి ఆసుపత్రి మనకు అందని దూరమేమీ కాదు. శుక్లాల ఆపరేషన్ తరువాత కూడా చాలామందికి దగ్గరి చూపుకు అద్దాలు కావాలి. అది ఆపరేషన్ చెడిపోయినట్టు కాదు. లోపల పెట్టే కటకాన్ని మామూలుగా దూరపు చూపుకే సరిచేస్తారు.

ఇక పలక సంగతి. సెల్‌ఫోన్ తెర వెనుక నుండి వెలుగు మన కంట్లోకి వస్తుంది. ఇ-రీడర్‌లో అలా కాదు. సన్నని బుడగలలో నల్లని, తెల్లని రేణువులుంటాయి. విద్యుత్తు తగిలితే కావలసినవి పైకి వచ్చి అక్షరమై నిలుస్తాయి. పేజీ తిప్పినప్పుడే కరెంటు ఎక్కువగా ఖర్చవుతుంది గనుక ఒకసారి చార్జింగ్ పెడితే వారాల తరబడి వస్తుంది. అరుగు మీద ఎండలో కూర్చున్నా కాగితంలాగే కనబడుతుంది. చీకట్లో చదవడానికి చాలావాటిలో అంచుల నుండి తెర మీదికి పరచుకునే చిన్న దీపాలు ఉంటాయి.

"ఫోను వెలుగు కళ్ళను పాడు చేస్తుంది" అనే మాట మాత్రం పూర్తిగా నిజం కాదు. తెర వెలుగు కంటికి హాని చేస్తుందనడానికి ఆధారం లేదని అమెరికాలోని కంటి వైద్యుల సంఘమే చెబుతున్నది. తెర చూస్తూ మనం రెప్ప వేయడం తగ్గిస్తాము, కళ్ళు పొడిబారుతాయి, మంట పుడుతుంది. ఇరవై నిమిషాలకొకసారి ఇరవై అడుగుల దూరాన ఉన్న చెట్టునో గోడనో కాసేపు చూస్తే కళ్ళకు విశ్రాంతి.

మన ఇళ్ళకు సంబంధించిన అసలు చిక్కు తెలుగు. 2016 చివరలో అమెజాన్ తన కిండిల్‌లో హిందీ, తమిళం, మరాఠీ, గుజరాతీ, మలయాళం పుస్తకాలు ప్రవేశపెట్టింది. ఆ ఐదింటిలో తెలుగు లేదు! అందుకని ఏ కంపెనీ పలక కొన్నా, కొనే ముందు మీరు చదవబోయే తెలుగు పుస్తకాన్నే అందులో తెరిచి చూడండి. "క్రీస్తు", "రాజ్యము", "స్త్రీ" వంటి మాటలు వెతకండి. వత్తులు అక్షరం కింద అమరక పక్కకు జారి పడితే ఆ పలక మనకు పనికిరాదు. రెండవది, పాత పుస్తకాలను ఫోటో తీసిన పి.డి.ఎఫ్.లు. పుస్తకం పేజీ అంతా ఆరంగుళాల తెరలో ఇరుక్కుంటుంది. పెద్దది చేస్తే ప్రతి వరుసకూ అటూ ఇటూ జరపాలి; నాలుగు వరుసలకే విసుగు. ఇ-పబ్ రకం ఫైలైతే అక్షరం పెరిగినకొద్దీ వరుస తనంతట తానే సర్దుకుంటుంది. మన తెలుగు మాటలు పొడవు గనుక పెద్ద అక్షరం కావలసినవారికి ఏడంగుళాలకు తక్కువ తెర వద్దని మా అభిప్రాయం.

ఎవరు, ఎప్పుడు, ఏమి చదువుతారో కూడా ఆలోచించాలి. రాత్రి షిఫ్టుకు కంపెనీ బస్సులో వెళ్తూ ఇంగ్లీషు పుస్తకం చదివే యువకునికి ఇ-రీడర్ చక్కగా సరిపోతుంది. మెసేజీల గోల ఉండదు, బరువు పావు కిలోలోపే. రోజుకు ఒక అధ్యాయం తెలుగు బైబిలు మాత్రమే చదివే పెద్దవారికి దానిమీద వేలు పోయడం ఎందుకు? పెద్దక్షరాల బైబిలు ఉన్నది. అది చేతులకు బరువనుకుంటే ఇంట్లో ఉన్న టాబ్‌లోనే బైబిలు యాప్ పెట్టి అక్షరం పెంచి ఇవ్వవచ్చును.

మా ఇంట్లో జరిగిందీ అదే. ఆ పలక ఇప్పుడు మా అబ్బాయి సంచిలో ఉన్నది. అమ్మగారికి ఆపరేషన్ అయి, కొత్త అద్దాలు వచ్చాయి. పెద్దక్షరాల బైబిలు దిండు మీద ఆనించుకుని చదువుకుంటున్నారు. పోయిన నెల సమాజంలో పుస్తకం పక్కవారికి ఇవ్వలేదు. కుర్చీ మాత్రం కిటికీ దగ్గరకు జరిపించుకున్నారు, ట్యూబులైటు వెలుగు చాలడం లేదట.