గాలిమరలు సిద్ధం, లైనేదీ?

కెన్యా ఉత్తరాన తుర్కానా సరస్సు పక్కన గాలికి విశ్రాంతి లేదు. అక్కడ 365 గాలిమరలతో 310 మెగావాట్ల ప్లాంటు కట్టారు. 2017లోనే మరలన్నీ సిద్ధం. కరెంటు గ్రిడ్‌కెక్కింది మాత్రం 2018 సెప్టెంబరులో. అన్నాళ్లూ అవి ఊరికే నిలబడ్డాయి.

ప్లాంటున్న లొయాంగలాని నుంచి సుస్వా దాకా నాలుగు వందల కిలోమీటర్ల పైచిలుకు 400 కేవీ లైను వేయాల్సింది కెట్రాకో, అంటే అక్కడి ట్రాన్స్‌కో. కాంట్రాక్టు పట్టిన స్పెయిన్ కంపెనీ ఐసోలక్స్ నడిమధ్యలో దివాలా తీసింది. టవర్ల దారిలో భూముల పేచీలు సరేసరి. లైను లేకపోతే రాని కరెంటుకూ డబ్బు కట్టాలని ఒప్పందంలోనే రాసుకున్నారు మరి! వందల కోట్ల షిల్లింగుల జరిమానా భారం జనం మీదే పడింది. చివరికి చైనా సంస్థలొచ్చి పని ముగించాయి.

తప్పంతా కెట్రాకోదేనంటే అన్యాయం. 2008లో దాన్ని పుట్టించారు గానీ పాత లైన్లు చాలావరకు కరెంటు పంపిణీ సంస్థ కెన్యా పవర్ దగ్గరే ఉండిపోయాయి. కొత్త లైనంటే ఖజానా వైపో, విదేశీ అప్పుల వైపో చూడాల్సిందే. పెత్తనం అప్పగించి బీరువా తాళాలు దాచుకున్నట్టుంది ఈ వ్యవహారం.

ఈ డబ్బు కటకటలోనే 2024 అక్టోబరులో లైన్ల నిర్మాణానికి అదానీ సంస్థతో 30 ఏళ్ల ఒప్పందం కుదిరింది. విలువ 73.6 కోట్ల డాలర్లు. నవంబరులో అమెరికాలో ఆ గ్రూపు అధినేతపై అభియోగాలు వెలుగులోకి రాగానే అధ్యక్షుడు రూటో దాన్ని రద్దు చేశారు. ఆరోపణలను గ్రూపు తోసిపుచ్చింది. ఎవరి మాట ఎలా ఉన్నా, కెన్యాకు లైన్లు మాత్రం రాలేదు.

ప్రైవేటు పెట్టుబడి వద్దనడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. కానీ సొంత రాబడి లేని సంస్థ బేరానికి కూర్చుంటే ఎదుటివాడు చెప్పిందే రేటు. మన దగ్గర తీరు వేరు. కేంద్ర ప్రభుత్వ సంస్థ పవర్ గ్రిడ్ 1989లో ఏర్పడ్డాక కేంద్ర విద్యుత్ సంస్థల లైన్లు సిబ్బందితో సహా దానికి బదిలీ అయ్యాయి. తన లైన్ల ట్రాన్స్‌మిషన్ చార్జీలు దాని ఖాతాకే జమవుతాయి. 2013 డిసెంబరు 31న అది వేసిన రాయచూరు-షోలాపూర్ లైనుతో దక్షిణాది దేశ గ్రిడ్‌లో కలిసింది.

భూమి గొడవ మనకూ తప్పలేదు. టవరు కింది నేలకు పరిహారం భూమి విలువలో 85 శాతమని 2015లో చెప్పిన కేంద్రం, 2024లో దాన్ని 200 శాతానికి పెంచింది. పొలంలో టవరు దిగిన తెలుగు రైతును అడిగితే ఆ తేడా ఏమిటో చెబుతాడు.

కెన్యాలో లెస్సోస్-లూసుక్ లైనుకు ఇప్పుడు పెట్టుబడి సంస్థ ఆఫ్రికా50తో కలిసి పవర్ గ్రిడ్డే ముందుకొచ్చింది. ఆ కాగితాల్లో భూపరిహారం ఎవరు, ఎప్పుడు కడతారన్న క్లాజును నైరోబీ అన్నిటికంటే ముందు చదవాలి.