పూనిక పరదేశమున దొరకునా?

మా బషీరాబాదు పల్లెలలో ఇప్పుడు కందిచేల మాట కంటె వీసాల మాట ఎక్కువగా వినబడుచున్నది. అందులకు మేము విచారించువారము కాము. సముద్రయానము పాపమని శాస్త్రములు విప్పిన కాలము పోయినది, పోవలసినదే. కాని ఒక మూఢత లేచిపోయిన పీటపై మఱియొక మూఢత వచ్చి కూర్చుండినచో దానిని సంస్కారమని మేమనజాలము. మా వాదము ఈ రెండవదానితోనే.

మొన్న మా పూర్వవిద్యార్థి యొకని తండ్రి మా యింటికి వచ్చెను. ఐదెకరముల కంది రైతు. "సారూ, పిలగాడు లండన్ పోతనంటుండు. ఏడాది కోర్సంట. కంపెనీ ఎట్ల పెట్టాల్నో నేర్పుతరంట. అన్ని కలిపి ముప్పై లక్షలైతయంట. మూడెకరాలు కుదువ పెడుతున్న. మీరు జర మంచిగ రాసి సంతకం చేసియ్యుండ్రి" అని యొక కాగితము మా చేతబెట్టెను. ఆ కాగితము మా బల్లపై ఇంకను సంతకము లేకయే యున్నది. ఏల యున్నదో చెప్పుట మా విధి.

ఆ కోర్సు పేరు ఆంట్రప్రెన్యూర్షిప్పు. ఆ మాట ఫ్రెంచి భాషనుండి ఇంగ్లీషులోనికి వచ్చినది. దాని మూలార్థము 'పూనుకొనుట'. మనకు పూనిక యను చక్కని మాట యున్నది. మన పూర్వులకు విద్యయు నున్నది. కౌటిల్యుడు ఆన్వీక్షకి, త్రయి, దండనీతులతో పాటు 'వార్త'ను నాలుగు విద్యలలో నొకటిగా లెక్కించెను. కృషి, పశుపాలనము, వాణిజ్యము కలిసి వార్త. నేడు ఆ మాటకు సమాచారమను అర్థమును మాత్రమే మనము నిలుపుకొంటిమి. బ్రతుకుతెరువను అర్థమును జారవిడిచితిమి. జారిపోయినది మాట మాత్రమే యైనచో మేమింత బాధపడము.

ఈ చదువులోని వింత నొకదానిని చదువరులు గమనింతురు గాక. ఇంగ్లండులో విద్యార్థి వీసాపై నున్నవానికి చదువు సాగినన్నాళ్లు స్వంత వ్యాపారము చేయుటకు సాధారణముగా అనుమతి లేదు. డిగ్రీ విద్యార్థి పాఠములు నడుచు కాలమున వారమునకు 20 గంటలకు మించకుండ ఇతరుల కొలువు చేయవచ్చును గాని, తాను సొంతముగా ఒక టీకొట్టు పెట్టుటకు వీలులేదు. అమెరికాలోను విద్యార్థి తన వ్యాపారమున తాను పనిచేయుటకు ప్రత్యేకానుమతి కావలెను. ఈత నేర్పెదమని రుసుము పుచ్చుకొని నీటిలో కాలు పెట్టరాదను గురువును మన పల్లెలో నేమందుము? ఆ దేశముల చట్టములు వారి మేలునకై వారు చేసికొన్నవి, వారిని నిందింపము. ఆ చట్టమును చదువకయే మూడెకరములు కుదువబెట్టు మన తొందరను నిందించుచున్నాము.

పరదేశవిద్య వలన మనవారికి మేలు కలుగలేదా యని యడుగుదురు. తప్పక కలిగినది. యల్లాప్రగడ సుబ్బారావుగారు 1923లో బోస్టనునకు పోయి, ఆస్పత్రిలో రాత్రిపూట కూలిపని చేయుచు హార్వర్డులో చదివిరి. వైద్యశాస్త్రమునకు వారు చేసిన సేవ లోకమెఱుగును. వారికి తోడ్పడినవానిలో కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మనిధి యొకటి. అది బర్మా వర్తకమున గడించిన సొమ్ము. వెలగపూడి రామకృష్ణగారు ఎడింబరోలో చదివి, ఐ.సి.ఎస్. కొలువు చేసి, 1941లో ఉయ్యూరు చక్కెర మిల్లుతో కె.సి.పి. సంస్థను నెలకొల్పిరి. అంతకు పూర్వమే, 1904లో, కలకత్తాలో నొక సంఘమేర్పడి చందాలెత్తి యువకులను జపాను మున్నగు దేశములకు పంపినది. వారు నేర్వబోయినది ఫలానా పరిశ్రమ, ఫలానా పనితనము. ఇందు రెండు సంగతులు తెలియుచున్నవి. పోయినవానికి తానేమి నేర్వబోవుచున్నాడో తెలియును. వ్యయభారము కొంతయైనను లోకము మోసినది. మా విద్యార్థిని "నీవేమి వ్యాపారము పెట్టెద"వని యడిగితిమి. "అక్కడికి పోయినంక ఐడియా వస్తది సార్" అనెను. పిల్లవాడు మంచివాడే, తెలివిగలవాడే. కాని మూడెకరముల నేలపై ఆధారపడిన యుత్తరము కాదది.

మఱి ఈ సలహా యిచ్చినదెవరు? పట్టణమున ఒక కన్సల్టెన్సీవారు. వారి జీతము విద్యార్థి చేరినప్పుడు ముట్టును; విద్యార్థి బాగుపడినప్పుడు కాదు. ఈ భేదమును తలిదండ్రులు మఱవరాదు. 2011లో కాలిఫోర్నియాలోని ట్రై వ్యాలీ యూనివర్సిటీ మూతబడినప్పుడు మన తెలుగు బిడ్డలనేకులు చిక్కుకొనిరి. కొందఱి కాళ్లకు నిఘాపట్టీలు కట్టిరి. 2019 జనవరిలో మిషిగన్‌లోని ఫార్మింగ్టన్ యూనివర్సిటీ బయటపడినది. అది అక్కడి ప్రభుత్వాధికారులే పన్నిన వల. నూటికి పైగా విద్యార్థులు నిర్బంధింపబడిరి, ఎనమండుగురు దళారులపై నేరము మోపబడినది. మా విద్యార్థి చేరదలచిన విద్యాలయము బూటకమని మేమనుట లేదు. అది సాక్షాత్తు సరస్వతీనిలయమే కావచ్చును. సరకు మంచిదైనను అమ్మువాని మాట సలహా కాదని మాత్రమే మా మనవి.

ఇక మన చుట్టును చూతము. 1874లో వాడి నుండి సికింద్రాబాదునకు పడిన ఇనుపదారి మన తాండూరు మీదుగానే పోవుచున్నది. మన నేలక్రింద నాపరాయి. తాండూరు బండలు దూరదేశములలో ఇండ్ల గచ్చులైనవి. మన నేలపై కంది; తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు లభించినది. ఐనను మన పాలిష్ యంత్రముల చెంత రాతిబురద గుట్టలై పడియున్నది. గనిలో పనిచేయువాని ఊపిరితిత్తులలో దుమ్ము చేరుచున్నది. సిరామిక్ టైల్సు వచ్చి బండల బేరమును తగ్గించినవి. గుర్తింపు పొందిన కంది కూడ సంచిపై పేరులేకయే బజారునకు పోవుట మనము చూచుచున్నాము. ఆ బురదతో నేమి చేయవచ్చును? ఆ దుమ్ము నెట్లణచవచ్చును? ఆ పప్పును ఊరిపేరుతో ఎట్లమ్మవచ్చును? పూనుకొనువానికి ఇవి ప్రశ్నలు కావా? వీనిలో నొకదానితో రెండేండ్లు పెనగులాడి, "ఈ యంత్రము నాకు తెలియదు, అది ఇటలీలో నేర్పుదురు" అని యొకడు వచ్చినచో మేము వానికి సంతకము చేయుటయే కాదు, ఊరూర చందా యెత్తెదము. దాహమెఱిగినవాడు నూతికి పోవలెను గాని, నూతికి పోయినచో దాహము పుట్టునని పోరాదు.

మన చెంత నేర్పువారు లేరందురా? హైదరాబాదు ఒక పూట రైలు ప్రయాణము. 2015లో అక్కడ టీ హబ్బు, 2018లో స్త్రీలకై వీ హబ్బు వెలసినవి. వాని గడప యెక్కక మునుపే విమానమెక్కుట ఏమి న్యాయము? అసలు రహస్యము వేఱు. పప్పు మిల్లులో లెక్క వ్రాయుట మనకు చిన్నతనము. అదే విద్యను లండనులో కొనుట గౌరవము. వ్యాపారము ఒక కులమువారి పని, రాతిపని మఱియొకరి పని, మనబిడ్డ చేతికి మట్టి యంటరాదు అను పాత యహంకారమే క్రొత్త చొక్కా తొడుగుకొని విమానాశ్రయమున నిలిచియున్నది. కులభేదమును ఖండించు గృహస్థులు దీనినిగూడ ఖండింపవలెను.

కడపటి మాట, మా సహధర్మచారిణి యడిగినది. ఆ రైతు మాటాడుచుండగా ఆమె, "మరి అమ్మాయిని అడిగిండ్రా అన్నా?" అనెను. ఆ యింట డిగ్రీ చదువుచున్న కూతురు కలదు. తండ్రి కంది తూకములు, అడితివాని చిట్టీలు, ఎరువుల అప్పు, అన్నియు నోటుపుస్తకమున వ్రాసి సరిచూచునది ఆమెయే. ఆ కుదువబెట్టు భూమి తాతనాటిది. 2005నాటి సవరణ చట్టముచేత, ఆంధ్రప్రదేశమున అంతకుముందే, పిత్రార్జితమున కూతురును కొడుకుతో సమాన హక్కుదారు. అన్న పూనికకై చెల్లెలి పాలు తాకట్టునకు పోవుచున్నది. ఆమెను ఎవరును అడుగలేదు. తండ్రి తలవంచుకొని, "ఆమెకెందుకమ్మా, పెండ్లయి పోయేది" అనెను. ఆ యింటిలో నిజముగా వ్యాపారము తెలిసినదెవరో చదువరులే నిర్ణయింపుడు.

కావున మా సలహా యిది. పిల్లవాడు ఈ కంది కోతనుండి అమ్మకము ముగియువఱకు చెల్లెలి పుస్తకముతో మిల్లునకును బజారునకును తిరుగవలెను. తానేమి నేర్వగోరునో ఒక పుటలో వ్రాయవలెను. అర్హులగు షెడ్యూల్డు కులముల, తెగల, వెనుకబడిన తరగతుల, అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రభుత్వము విదేశవిద్యకై 20 లక్షల వరకు ఇచ్చు పథకములు కలవు. నేలను ముట్టుకొనుటకు ముందు ఆ తలుపు తట్టవలెను. అప్పటికిని భూమి కుదువబెట్టక తప్పనిచో, కూతురు మనసారా ఒప్పుకొని సంతకము చేయవలెను. ఆమె చేసిన పిదప మేమును చేసెదము.

తండ్రి ఏమియు ననక లేచిపోయెను. కోపము వచ్చినదేమో. కాని నిన్న సాయంకాలము ఆ అమ్మాయి మా యింటికి వచ్చి, వీ హబ్బు చిరునామా యడిగి వ్రాసికొని పోయినది.