వేడితీగ కత్తి

సినిమాలో రాజుగారి కోటను చూసి, అన్నన్ని రాతిస్తంభాలను ఎలా మోసుకొచ్చారా అని మీరు ఆశ్చర్యపడి ఉంటారు. ఫిల్మ్‌నగర్‌లోని రామానాయుడు స్టూడియో, దానికి చేరువలో అక్కినేని నాగేశ్వరరావు 1976లో ప్రారంభించిన అన్నపూర్ణ స్టూడియో వంటి చోట్ల వేసే సెట్లలో కనిపించే రాయి చాలావరకు రాయి కాదు. చెక్క, గుడ్డ, ప్లాస్టరు, థర్మోకోల్! థర్మోకోల్ స్తంభాన్ని మీరు కూడా చంకన పెట్టుకుని పోగలరు.

థర్మోకోల్‌ను రంపంతో కోస్తే పూసలు పూసలుగా రాలుతుంది. అందుచేత వేడితీగ వాడతారు. నికెల్, క్రోమియం కలిసిన నిక్రోమ్ తీగలో విద్యుత్తు పారితే అది వేడెక్కి, థర్మోకోల్‌ను కరిగించుకుంటూ పోతుంది. అయితే పనివాడి చెయ్యి ఎంత నేర్పుగలదైనా నలభై స్తంభాలు అచ్చుగుద్దినట్టు రావడం కష్టం. తీగను కంప్యూటరు చేత నడిపిస్తే?

1952లో అమెరికాలోని ఎం.ఐ.టి.లో అంకెల ప్రకారం లోహాన్ని చెక్కే యంత్రాన్ని చూపినప్పుడు దాని మెదడు బీరువాలంత ఉండేది. ఇప్పుడు ఆ పనికి అరచేతిలో ఇమిడే ఆర్డుయినో బిళ్ళ చాలు. దానిని 2005లో ఇటలీలో విద్యార్థుల కోసమే తయారుచేశారు. అందుకే ఈ యంత్రం ఇంట్లో చేసుకోదగినంత చవక అయింది.

చెక్కతో విల్లులాంటి చట్రం చేసి, నారికి బదులు తీగను కడతారు. ఒక మోటారు విల్లును పైకీ కిందకీ, మరొకటి థర్మోకోల్ ఉంచిన పలకను ముందుకూ వెనక్కూ జరుపుతాయి. వేడికి తీగ సాగుతుంది గనుక ఒక కొసన స్ప్రింగు ఉండాలి. లేకపోతే స్తంభాలకు బొజ్జలు వస్తాయి!

అసలు రహస్యం మోటారులో ఉన్నది. ఇది మామూలు మోటారులా గిర్రున తిరగదు, అడుగులు వేస్తుంది. (పన్నెండంగుళాల అడుగు కాదు, మనం నడిచేటప్పుడు వేసేది.) చుట్టుకు 200 అడుగులు. దానికి బిగించిన మరకడ్డీ ఒక చుట్టు తిరిగితే పలక 8 మిల్లీమీటర్లు జరుగుతుందనుకోండి. అంటే అడుగుకు 0.04 మిల్లీమీటరు. 10 సెంటీమీటర్లు జరగాలంటే 2,500 అడుగులు. కంప్యూటరుకు కళ్ళూ లేవు, కొలబద్దా లేదు. తాను వేయమన్న అడుగులను లెక్కపెట్టుకుంటుంది, అంతే. పలక ఎక్కడో పట్టేసి మోటారు 100 అడుగులు తప్పినా దానికి తెలియదు. తక్కిన కోతంతా 4 మిల్లీమీటర్లు పక్కకు పోతుంది. కనుక పలక నున్నగా జరుగుతున్నదో లేదో ముందుగా చేత్తో తోసి చూడాలి.

వేగమూ ముఖ్యమే. తీగ ఒకచోట ఆగితే అక్కడ గుంట పడుతుంది. పొగ వస్తే వేడి ఎక్కువైనట్టే. ఆ పొగ పీల్చరాదు, కిటికీలు తెరిచి ఉంచాలి. తీగకు 12 వోల్టుల విద్యుత్తు ఇవ్వాలే గాని, గోడలోని కరెంటును తిన్నగా ఎన్నడూ కలపరాదు. పక్కన పెద్దలు లేనిదే స్విచ్చి వేయవద్దు.

జంతికల గొట్టం బిళ్ళకు ఏ ఆకారపు రంధ్రం ఉంటే జంతిక పొడుగునా అదే ఆకారం వస్తుంది గదా? ఈ కోతా అంతే. సింహం పక్కరూపు వస్తుంది. దాని ముక్కూ, జూలూ మాత్రం శిల్పి చేత్తో చెక్కవలసిందే.

ఇక మీకో లెక్క. మరకడ్డీ చుట్టుకు 2 మిల్లీమీటర్లే జరిపితే, 10 సెంటీమీటర్లకు ఎన్ని అడుగులు కావాలి? జవాబు వచ్చే నెల.