అణ్వస్త్ర సంధియు భారతదేశ వాదమును

భారతదేశము అణ్వస్త్రవ్యాప్తి నిరోధక సంధిపై సంతకము చేయకుండుట మొండితనమని పాశ్చాత్యులు కొందరు తలచుచుందురు. సంధిపాఠమును చదివినవారి కట్లు తోచదు. 1967 జనవరి 1వ తేదీకి ముందు అణ్వస్త్రమును నిర్మించి ప్రేల్చిన రాజ్యమే అణ్వస్త్రరాజ్యమని దాని తొమ్మిదవ అధికరణము నిర్వచించుచున్నది. 1964 అక్టోబరులో ప్రేల్చిన చైనా లోపల చేరెను. 1974 మేలో పోఖ్రానునందు పరీక్ష జరిపిన భారతదేశము వెలుపల నిలిచెను. ఇది శాసనము కంటె ముందుగ వచ్చినవారి కిచ్చిన పట్టావలె నున్నది. ఆరవ అధికరణమున నిరాయుధీకరణమునకై సద్భావముతో సంప్రదింపులు జరుపుదుమని ఒప్పుకొనిరి గాని, గడువు వ్రాసికొనలేదు. 1995లో సంధిని శాశ్వతము గావించుటతో వారిని తొందరపెట్టు సాధనమును పోయెను.

రసాయనాయుధముల విషయమున మన నడవడి వేరు. 1993 నాటి ఒడంబడిక ఎల్ల రాజ్యములకు ఒకే నిబంధన విధించినది. కావుననే భారతదేశము 1996లో దానిని ధ్రువపరచి, 1997లో తన నిలువలను వెల్లడించి, 2009 నాటికి పూర్తిగ నాశనము గావించెను.

ఇంత చక్కని వాదమునకు మనమే లోటు తెచ్చుకొంటిమి. 2003 జనవరి 4వ తేదీన ప్రకటించిన అణ్వస్త్రనీతిలో, ముందుగ ప్రయోగింపమని చెప్పుచునే, భారతదేశముపై గాని, ఎచ్చటనున్న భారతసేనలపై గాని జీవ, రసాయనాయుధములతో పెద్దదాడి జరిగినచో అణ్వస్త్రముతో ప్రతీకారము చేయు అవకాశమును నిలుపుకొంటిమి. మన నిలువలను నాశనము చేసికొన్న పిమ్మట ఇతరుల రసాయనాయుధములకు భయపడుట అసహజము కాదు. అయినను మొదటి వాగ్దానము అంతమేర సడలినది. పరుల సంధిలోని అసమానతను ఎత్తిచూపువారికి ఈ సడలింపు తగదు. దీనిని దిద్దుటకు ఏ అంతర్జాతీయ సభయు అక్కరలేదు. ఢిల్లీలో మంత్రివర్గ భద్రతాసంఘము కూర్చున్న చాలును.