బయట లిఫ్టుకూ ఉంది అగ్గి భయం!

మాది మూడంతస్తుల పాత ఇల్లు. పై అంతస్తులో ఉండే అమ్మానాన్నల కోసం బయటి గోడకు ఆనించి లిఫ్టు పెట్టిద్దామనుకుంటున్నాం. ఇనుప చట్రం, చుట్టూ అద్దాలు చాలనీ బయటే కాబట్టి అగ్నిప్రమాదం బెడద ఉండదనీ అంటున్నారు. నిజమేనా?
- ఓ పాఠకుడు

సగమే నిజం. నాలుగువైపులా గాలాడేలా, ఇంటికి ఎడంగా ఉండే లిఫ్టులో పొగ నిలవదు. మీది గోడకు ఆనుకుని ఉండే లిఫ్టు. ప్రతి అంతస్తులోనూ దాని తలుపు ఇంట్లోకే తెరుచుకుంటుంది. చుట్టూ మూసేస్తే ఆ షాఫ్టే పొగగొట్టంలా పనిచేస్తుంది. కింద వంటింట్లో మంట లేస్తే, ఆ పొగ ముందు చేరేది అమ్మానాన్నలుండే పై అంతస్తుకే.

అందుకే జాతీయ భవన నిర్మాణ నియమావళి(2016) లిఫ్టు షాఫ్టు గోడలు కనీసం 120 నిమిషాలు మంటకు తట్టుకోవాలంటోంది. తలుపులు గంటసేపు ఆగాలి. పొగ బయటికి పోయేందుకు షాఫ్టు పైభాగాన కనీసం 0.2 చదరపు మీటర్ల ఖాళీ, అంటే రెండు చదరపు అడుగులకు పైనే, వదలాలి.

మీ ఇంటి విషయంలో అన్నిటికన్నా ముఖ్యం ఇంటివైపు గోడ. తొమ్మిదంగుళాల ఇటుక గోడైతే రెండు గంటలు సులువుగా ఆగుతుంది. అద్దాలు పెట్టాలనుకుంటే ఖాళీ స్థలంవైపే, అదీ కిటికీలకు దూరంగా పెట్టించండి. కిటికీలోంచి ఎగసే మంట పక్కనున్న మామూలు అద్దాన్ని ఇట్టే పగలగొడుతుంది. టఫెన్డ్ గ్లాసు దెబ్బకు ఆగుతుందే కానీ మంటకు ఆగేది కాదు. మంటకు ఆగే అద్దాల్లోనూ కొన్ని మంటను ఆపుతాయి, వేడిని ఆపవు. ఎన్ని నిమిషాలు, దేనికి ఆగుతుందో పరీక్ష పత్రం అడిగి చూడండి.

ఇనుము కాలదు కదా అనుకోవద్దు. 550-600 డిగ్రీల సెల్సియస్ దగ్గర ఉక్కు బలం దాదాపు సగానికి పడిపోతుంది. ప్రామాణిక అగ్ని పరీక్షలో కొలిమి వేడి అయిదు నిమిషాలకే 570 డిగ్రీలు దాటుతుంది. కాబట్టి చట్రానికి వేడికి ఉబ్బి పొరలా కాపాడే ప్రత్యేకమైన రంగు వేయించాలి.

అందం కోసం ప్లాస్టిక్ పొర ఉన్న ఏసీపీ షీట్లు మాత్రం బిగించొద్దు. 2017లో లండన్‌లోని గ్రెన్‌ఫెల్ టవర్‌లో నాలుగో అంతస్తు వంటింట్లో పుట్టిన మంట, బయటి గోడకున్న అలాంటి షీట్లను పట్టుకుని అరగంటలోపే 24 అంతస్తుల భవనం పైకప్పుకు చేరింది. 72 మంది చనిపోయారు.

పని మొదలెట్టేముందు మున్సిపాలిటీ అనుమతి తీసుకోండి. ఇంటి చుట్టూ వదలాల్సిన ఖాళీని లిఫ్టు ఆక్రమించకూడదు. మెట్ల దగ్గరి కిటికీని లిఫ్టుతో మూసేయకండి. మంటలు లేచినప్పుడు లిఫ్టు ఎక్కకూడదు. అమ్మానాన్నలు దిగాల్సింది ఆ మెట్లమీదుగానే.