రబ్బరు తొడుగు కింద తుప్పు

2022లో మెర్సిడెస్ బెంజ్ తన పాత ఎంఎల్, జీఎల్, ఆర్ క్లాస్ బండ్ల యజమానులకు అసాధారణమైన మాట చెప్పింది: తనిఖీ అయ్యేదాకా నడపొద్దు. 2004 నుంచి 2015 దాకా తయారైన ఆ బండ్లు ప్రపంచమంతటా దాదాపు పది లక్షలు.

లోపం ఉన్న చోటు చిన్నది. బ్రేకు తొక్కిన కాలికి బలం జోడించే బూస్టర్‌కు పైన రబ్బరు తొడుగు ఉంటుంది. దాని కిందికి చేరిన చెమ్మ బయటికి పోక, ఏళ్ల తరబడి లోహాన్ని తినేస్తుంది. చిల్లు పడితే పెడల్ తొక్కినప్పుడు బుస్సుమని గాలి చప్పుడు వస్తుంది, బ్రేకు పట్టడానికి కాలితో మరింత గట్టిగా నొక్కాల్సి వస్తుంది. తుప్పు మరీ ముదిరాక గట్టిగా తొక్కితే పెడల్‌కూ బ్రేకులకూ లంకె తెగిపోవచ్చు. అరుదే కావచ్చు; కానీ జీఎల్ బరువు దాదాపు రెండున్నర టన్నులు.

ఎయిర్‌బ్యాగులదీ ఇదే తీరు. వాటిని ఉబ్బించే టకాటా కంపెనీ ఇన్‌ఫ్లేటర్లలోని అమ్మోనియం నైట్రేట్ వేడికీ తేమకీ ఏళ్లు గడిచేకొద్దీ పాడవుతుంది. పేలితే లోహపు ముక్కలు ముఖాన తగులుతాయి. తొలితరం ఎక్స్5 సహా సుమారు 90 వేల పాత బీఎండబ్ల్యూలను నడపొద్దని అమెరికా రహదారి భద్రతా సంస్థ 2023లో హెచ్చరించింది. మన కోస్తా ఉక్కపోత ఈ రసాయనానికి ఏం మేలు చేస్తుంది?

మన దేశంలో చట్టం చూపు మధ్యలో తెగిపోతోంది. 2021 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన రీకాల్ నిబంధనలు ఏడేళ్ల లోపు వాహనాలకే. సొంత కారుకు ఫిట్‌నెస్ పరీక్ష పదిహేనేళ్లకు. సరిగ్గా ఈ నడుమ కాలంలోనే, ఒకప్పుడు డెబ్బై, ఎనభై లక్షలు పలికిన బండి చిన్న కారు ధరకు చేతులు మారుతుంది. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లపై ఆంక్షలు పెట్టిన ఢిల్లీ నుంచి ఎన్‌ఓసీతో వచ్చేవీ ఇందులో ఉంటాయి. పాలిష్ కొట్టి, స్కానర్ తగిలించి హెచ్చరిక లైట్లు చెరిపేయడం ఎంతసేపు? తెల్లారేసరికి ఒక పక్కకు కూలబడ్డ ఎయిర్ సస్పెన్షన్ మాత్రం కొన్న తర్వాతే కనిపిస్తుంది. రీకాల్ కబురు వచ్చినా మొదటి యజమాని పాత చిరునామాకే పోవచ్చు.

ఆర్‌సీ బదిలీ ఫారంలో ఛాసిస్ నంబరు ఎలాగూ రాస్తారు. దాని మీద తీరని రీకాల్ లేదని కంపెనీ ఇచ్చిన కాగితం జతచేస్తేనే బదిలీ అని రెండు తెలుగు రాష్ట్రాల రవాణా శాఖలు షరతు పెట్టాలి. అది వచ్చేదాకా, అడ్వాన్సు ఇచ్చే ముందు ఆ నంబరుతో కంపెనీ సర్వీస్ సెంటర్‌ను అడగాల్సింది కొనేవారే.