వెనక వీధికీ తనిఖీ కావాలి

సముద్రతీరంలోని విహార పట్టణానికి బయలుదేరే ముందు ఎవరైనా అడిగే మొదటి మాట: అక్కడ భద్రమేనా? పిల్లల్ని ఎక్కించే రాట్నం గట్టిదేనా, చీకటి పడ్డాక తీరం వెంట నడవొచ్చా, పర్సు జేబులో ఉంటుందా? అడగాల్సిన మాటే. అయితే ఆ రాట్నం తిప్పేవాడు, ఆ హోటల్లో పక్కలు మార్చే ఆవిడ, తిరిగి చేరే గదిలో భద్రంగా ఉన్నారా అని ఎవరూ అడగరు. ఒక ఊరు వందేళ్లకు పైగా మొదటి ప్రశ్నకే జవాబు చెబుతూ రెండోదాన్ని పక్కన పెడితే ఏమవుతుందో తెలుసుకోవడానికి ఇంగ్లండ్ వాయవ్య తీరంలో బ్లాక్‌పూల్ ఉంది. తీరమంతా పర్యాటక ప్రాజెక్టులతో నింపాలని ఉబలాటపడుతున్న మన పాలకులు ముందుగా ఆ ఊరి కథ చదవాలి.

బ్లాక్‌పూల్‌ను నిలబెట్టింది కూలీల సొమ్ము. 1846లో అక్కడికి రైలు వచ్చింది. లాంకషైర్ నూలు మిల్లుల ఊళ్లలో ఏడాదికోసారి వారం రోజులు మిల్లులు మూసేవారు. ‘వేక్స్ వారం’ అనేవారు దాన్ని. పుట్టుకలో అది చర్చి తిరునాళ్లు. ఊరికి ఊరే మూటాముల్లె సర్దుకుని రైలెక్కి సముద్రం చూడటానికి వచ్చేది. చాలామందికి ఆ వారానికి కూలి ఉండేది కాదు. జీతంతో కూడిన సెలవుల చట్టం 1938లో గానీ రాలేదు. అందుకని మనవాళ్లు చిట్టీ కట్టినట్టు వారం వారం కొంత దాచుకుని, ఆ కూడబెట్టినదంతా ఇక్కడ ఖర్చు పెట్టి వెళ్లేవారు. ఆ డబ్బుతోనే ఇనుప స్తంభాల మీద చెక్కలు పరచి సముద్రంలోకి మొదటి నడకదారి వేశారు, 1863లో. 1894కల్లా 518 అడుగుల టవరు లేచింది. 1896లో ‘ప్లెజర్ బీచ్’ వినోద ఉద్యానం మొదలైంది. 1879లో ఎనిమిది ఆర్క్ దీపాలతో మొదలైన వెలుగుల వేడుక ఇప్పుడు తీరం వెంట ఆరు మైళ్లు పరుచుకుంటుంది. 1994లో ప్లెజర్ బీచ్ ‘బిగ్ వన్’ అనే రోలర్ కోస్టర్‌ను తెరిచింది. ఆనాటికి ప్రపంచంలో అంత ఎత్తయినది ఇంకొకటి లేదు.

ఈలోగా విమానం చౌకైంది. 1960లు, 70లలో మిల్లు కార్మికుడి పిల్లలు స్పెయిన్ ఎండకు అలవాటు పడ్డారు. ఆ రోజుల్లోనే మిల్లులూ మూతపడుతూ వచ్చాయి. బ్లాక్‌పూల్‌కు జనం రావడం మానలేదు గానీ, వారం ఉండేవాళ్లు పోయి పొద్దున వచ్చి సాయంత్రం వెళ్లేవాళ్లు మిగిలారు. వాళ్లకు రాట్నం కావాలి, వేయించిన చేప కావాలి, రాత్రి పడుకునే గది అక్కర్లేదు. తీరం వెనక వీధుల్లో వరుసగా కట్టిన వందలాది అతిథి గృహాలు అలా ఖాళీ అయ్యాయి.

ఆ వీధుల్లో ఒక ఇల్లు చూడండి. ఒకప్పుడు ఒక కుటుంబం నడిపిన అతిథి గృహం. ఇప్పుడు ముందు తలుపు పక్కన ఒకదాని కింద ఒకటిగా బెల్లు మీటలు, ఒక్కో మీటకు ఒక్కో గది, గదికో మనిషి. వేసవిలో వారం రోజులు ఉండిపోవడానికి కట్టిన గది. చలికాలమంతా అందులోనే వండుకుని, బట్టలు ఆరేసుకుని, మందులు వేసుకుని బతకడానికి కట్టింది కాదు. గోడలు చెమ్మగిల్లుతాయి, మూలల్లో బూజు నల్లగా పాకుతుంది. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే సముద్రం, దీపాలు, సంగీతం.

ఇలాంటి గది యజమానికి గిట్టుబాటు ఎలా అవుతోంది? ఈ కథలో అన్నిటికన్నా ముఖ్యమైన ముడి ఇక్కడే ఉంది. పేద అద్దెదారులకు బ్రిటన్ ప్రభుత్వం అద్దె సాయం ఇస్తుంది. ఆ సాయం రేటును ఒక్క బ్లాక్‌పూల్‌ను చూసి కట్టరు. చుట్టుపక్కల మెరుగైన తీర ప్రాంతాలను కూడా కలిపి లెక్కగడతారు. దాంతో వెనక వీధిలోని నాసిరకం గదికి, దాని యోగ్యతకు మించిన అద్దె ప్రభుత్వ ఖజానా నుంచే అందుతుంది. గదిని బాగు చేయాల్సిన అవసరం యజమానికి లేదు. గది దొరుకుతుందన్న ఆశతో వేరే ఊళ్లలో పని పోయినవాళ్లు, సంసారం చెదిరినవాళ్లు, ఒంట్లో బాగాలేనివాళ్లు ఇక్కడికి చేరుతున్నారు. వాళ్లలో చిన్నప్పుడు ఈ తీరంలో గడిపిన సెలవులు గుర్తుండి వచ్చినవాళ్లూ ఉంటారు. పేదరికాన్ని ఈ ఊళ్లోకి తెచ్చి నిలిపింది బద్ధకం కాదు, లెక్క తప్పిన ప్రభుత్వ విధానం.

ఫలితం అంకెల్లోకి ఎక్కింది. 2019లో ఇంగ్లండ్ ప్రభుత్వం ప్రకటించిన లేమి సూచీలో దేశంలోకెల్లా అట్టడుగున ఉన్న 10 పేటల్లో 8 బ్లాక్‌పూల్‌వే. 2018-20 లెక్కల ప్రకారం అక్కడ పుట్టిన మగబిడ్డ సగటు ఆయుర్దాయం సుమారు 74 ఏళ్లు, దేశంలో కనిష్ఠం. లండన్‌లోని వెస్ట్‌మినిస్టర్‌లో పుట్టినవాడికి 84 దాటింది. ఒకే దేశం, ఒకే ఆరోగ్య సేవ, పదేళ్ల తేడా. ఏటా 2 కోట్లకు మించి సందర్శకులు వస్తున్నారని చెప్పుకొనే ఊరు ఇది, జనాభా లక్షా 41 వేలు. ఒక్కో నివాసికి ఏటా 140 మంది అతిథులు వచ్చి వెళుతున్నా, ఆ నివాసి దేశంలో అందరికన్నా ముందు చనిపోతున్నాడు. పర్యాటకం వస్తే పేదరికం దానంతటదే పోతుందనేవాళ్లకు ఇంతకన్నా గట్టి జవాబు లేదు.

ఇప్పుడు రాట్నాల భద్రతకు వద్దాం. బ్రిటన్ ఆ విషయంలో చేసిన పని మెచ్చుకోదగ్గది. అక్కడ ప్రతి రైడ్‌నూ ఏటా స్వతంత్ర నిపుణులు తనిఖీ చేస్తారు. రోజూ జనాన్ని ఎక్కించే ముందు సిబ్బంది పరీక్షిస్తారు. తేడా ఉంటే అది ఆ రోజు కదలదు. 2015 జూన్‌లో తీరానికి దూరంగా ఉన్న ఆల్టన్ టవర్స్ పార్కులో ‘స్మైలర్’ రోలర్ కోస్టర్ బండి పట్టాల మీద ఆగి ఉన్న మరో ఖాళీ బండిని ఢీకొంది. ఇద్దరు అమ్మాయిలు చెరో కాలు పోగొట్టుకున్నారు. ముందున్న బండిని చూసుకోకుండా, కంప్యూటర్ ఆపినదాన్ని సిబ్బంది చేత్తో నడిపించారు. అయినా దర్యాప్తు సంస్థ నేరాన్ని వాళ్ల నెత్తిన రుద్ది చేతులు కడుక్కోలేదు. అలాంటి పరిస్థితిలో ఏం చేయాలో నేర్పే పద్ధతే లేకుండా పని చేయించిన యాజమాన్యానిదే తప్పని తేల్చింది. కోర్టు 50 లక్షల పౌండ్ల జరిమానా వేసింది.

గట్టి చట్టం ఉంటే తనిఖీ ఎంత పక్కాగా సాగుతుందో దీన్నిబట్టి తెలుస్తోంది. మరి అదే చట్టం వెనక వీధి గది దగ్గరికి వచ్చేసరికి ఎందుకు మెత్తబడింది? అద్దె ఇళ్లకు లైసెన్సులు లేకపోలేదు. బ్లాక్‌పూల్‌లో కొన్ని పేటల్లో పెట్టారు. అయితే పేటల వారీగా ప్రకటించే ఆ లైసెన్సు పథకం గడువు గరిష్ఠంగా ఐదేళ్లు. గడువు తీరితే మళ్లీ మొదటి నుంచి పోరాడాలి. పైగా కారణం చెప్పకుండానే అద్దెదారును ఖాళీ చేయించే వీలు 1988 చట్టం యజమానులకు ఇచ్చింది. దాన్ని రద్దు చేసే చట్టం 2025లో గానీ రాలేదు. అన్నేళ్లూ బూజు గురించి ఫిర్యాదు చేయడమంటే ఇల్లు పోగొట్టుకోవడానికి సిద్ధపడటమే. మూడు నిమిషాలు కూర్చునే సీటుకు ఏటేటా తనిఖీ, ముప్పై ఏళ్లు బతికే గదికి ఐదేళ్ల తాత్కాలిక ఏర్పాటు. ఈ తేడాను మేం అన్యాయమనే అంటాం.

ఊరిని గట్టెక్కించడానికి పెద్దలు వెతికిన మందులు కూడా అన్నీ తీరం వైపువే. 2007లో బ్రిటన్‌లో ఒకే ఒక మహా కాసినోకు అనుమతి ఇస్తామంటే బ్లాక్‌పూల్ కొండంత ఆశ పెట్టుకుంది. సలహా సంఘం మాంచెస్టర్‌ను ఎంచింది, ఆ తర్వాత ఆ పథకమే అటకెక్కింది. కాసినో వచ్చి ఉంటే ఊరు బాగుపడేదన్న మాటతో మేం ఏకీభవించం. జూదానికి వచ్చిన డబ్బు జూదశాల గోడలు దాటి గదుల్లోకి ప్రవహించిన దాఖలా కోసం అమెరికాలో అట్లాంటిక్ సిటీ ఇప్పటికీ వెతుక్కుంటోంది. 2021లో ఇంగ్లండ్ ప్రధాన వైద్యాధికారి క్రిస్ విట్టీ తన వార్షిక నివేదిక మొత్తాన్ని తీర పట్టణాల ఆరోగ్యానికే కేటాయించారు. అతిథి గృహాలు నాసిరకం నివాసాలుగా మారడం, సీజన్‌కే పరిమితమైన కొలువులు, రోగులు ఎక్కువై వైద్యులు తక్కువ కావడం, వీటన్నిటినీ ఆయన ఒకే జబ్బు లక్షణాలుగా చూపించారు. మందు తీరం మీద లేదు, వెనక వీధిలో ఉందన్నది ఆ నివేదిక సారం.

ఇక మన తీరం. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2024 డిసెంబరులో పర్యాటకానికి పరిశ్రమ హోదా ఇచ్చింది. విశాఖ ఆ ప్రణాళికలన్నిటికీ ముఖద్వారం. అదే విశాఖ ఆర్కే బీచ్‌లో 2024 ఫిబ్రవరిలో తేలియాడే వంతెనను ఆర్భాటంగా ప్రారంభిస్తే, మరునాడే దాని చివరి భాగం విడిపోయి అలల్లోకి జరిగింది. ఆ క్షణంలో దానిమీద సందర్శకులు లేకపోవడం అదృష్టం. అదే ఏడాది మే నెలలో రాజ్‌కోట్ గేమ్ జోన్‌లో మంటలు చెలరేగితే అదృష్టం కలిసి రాలేదు. పిల్లలతో సహా పాతిక మందికి పైగా కాలిపోయారు. ఆ కేంద్రానికి అగ్నిమాపక శాఖ అనుమతే లేదు. మన తిరునాళ్లలో, ఎగ్జిబిషన్ మైదానాల్లో చేత్తో తిప్పే రంగులరాట్నాన్ని దగ్గరికెళ్లి చూడండి. పసివాడి ముందు ఒక సన్నని గొలుసు తగిలిస్తారు. ఎన్నిచోట్ల అదొక్కటే రక్షణ! దాన్ని ఎవరు పరీక్షించారో, ఎప్పుడు పరీక్షించారో చెప్పే కాగితం ఎక్కడా కనబడదు.

వెనక వీధి మనకూ ఉంది. విశాఖ పెద్ద జాలరిపేటలో వలలు బాగుచేసుకునే కుటుంబాలకు సముద్రం విహారస్థలం కాదు, వాకిలి. బొగ్గుల మీద మొక్కజొన్న పొత్తు కాల్చి అమ్మే ఆవిడకు ఆ ఇసుకే దుకాణం. తీరాన్ని సుందరీకరించాలన్న ప్రతిసారీ ముందు కదిలేవి వాళ్ల బండ్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం సర్వే పూర్తి చేసి, గుర్తింపు పత్రాలు ఇచ్చేవరకూ ఎవరినీ తొలగించరాదని స్పష్టంగా చెబుతోంది. ఆ చట్టాన్ని చదవకుండా బండ్లు ఎత్తించే అధికారి పర్యాటకానికి మేలు చేస్తున్నానని అనుకుంటే పొరపాటు. వీధుల్లో బతుకు తెరువు పోయినచోట సందర్శకుడికీ భద్రత ఉండదు. బ్లాక్‌పూల్ వెనక వీధుల్లోకి వెళ్లొద్దని యాత్రికులను హెచ్చరించేవాళ్లు, ఆ వీధుల్లోని మనిషిని ప్రమాదకారిగా చూస్తారు. ప్రమాదంలో ఉన్నది ఆ మనిషే.

కాబట్టి ప్రభుత్వం చేయాల్సింది ఇది. ప్రతి రైడ్, ప్రతి పడవ, ప్రతి సాహస క్రీడ దగ్గర చివరి తనిఖీ తేదీ, చేసిన ఇంజినీరు పేరు తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెట్టాలి. ఆ బోర్డు లేకపోతే టికెట్ అమ్మకూడదు. ప్రమాదం జరిగితే మీట నొక్కిన కుర్రాణ్ని కాక, లాభం తీసుకునేవాణ్ని ముందు బోనెక్కించాలి. తీరంలో రిసార్టుకు భూమి ఇచ్చే ముందు, అందులో పని చేయబోయేవాళ్లు ఎక్కడ ఉంటారో, సీజన్ లేని నెలల్లో వాళ్లకు జీతం ఎవరిస్తారో ఒప్పందంలోనే రాయించాలి. టికెట్ల రాబడిలో ఒక వాటాను పక్కనున్న మత్స్యకార పేటల మంచినీటికీ, ఇళ్లకూ, ఆసుపత్రికీ విడిగా కేటాయించి, ఏటా ఆ లెక్కను వార్డు సభలో చదివి వినిపించాలి. విశాఖలో తలపెట్టే తర్వాతి తీర ప్రాజెక్టుకు ముఖ్యమంత్రి సంతకం చేసే ముందు, ఈ నాలుగు షరతులూ ఆ కాగితం మీద ఉన్నాయో లేదో చూడాలి. లేకపోతే ఆ సంతకం చేయకూడదు.